ఎడమచేతి మురుకు

నేను నెమ్మదిగా మాట్లాడతాను. కృష్ణాష్టమికి వాషర్‌మెన్‌పేట వెళ్ళి ఏం చేసి వచ్చావని మా కోడళ్ళు అడిగితే చెప్పడం మొదలుపెట్టాను కానీ, టీవీ మోతలో సగం ఎవరికీ వినిపించలేదు. వచ్చే ఏడు వాళ్ళలో ఒకరు నాతో రావాలి. అందుకే పదో తరగతి తరువాత ఇన్నేళ్ళకు కలం పట్టుకున్నాను.

వాషర్‌మెన్‌పేటలో మా మేనత్త ఉంది. వాళ్ళ వీధి భజన మందిరంలో కృష్ణాష్టమికి నైవేద్యం పెట్టే చేతిమురుకు, అంటే గొట్టం లేకుండా వేళ్ళతోనే తిప్పే మురుకు, ఆమె కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆమె చేతిదే. ఈ ఏడు మణికట్టు వాచి వేళ్ళు ముడుచుకోలేదు. మందిరం పెద్దలు అంగట్లో కొంటామన్నారు. ఒకసారి కొన్నారంటే మళ్ళీ ఇంటికి అడగడానికి రారని అత్త బెంగ. ఫోనులో ఒక్క మాటే అంది: "నువ్వు రా అమ్మే." నేను పుర్రచేతిదాన్నని ఆమెకు తెలుసు. చిన్నప్పుడు నన్ను నైవేద్యం పిండి ముట్టనిచ్చేది కాదు, పక్కన కూర్చుని చూసి నేర్చుకున్నదే. కోడలికి తిప్పడం పట్టుబడలేదు, ఇంక ఎవరూ లేకనే పిలిచింది.

పండుగనాడు తలస్నానం చేసి, వెన్న గిన్నె సంచిలో పెట్టుకుని, ఆరు గంటలకల్లా మా ఇంటి దగ్గర మాంబళం స్టేషన్‌లో కరెంటు రైలెక్కాను. ఆ వేళకు ఆడవాళ్ళ పెట్టెలో కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. బీచ్ స్టేషన్‌లో దిగి, రోడ్డు దాటి బస్సు పట్టుకుంటే అరగంటలో వాషర్‌మెన్‌పేట. రైలుకూ బస్సుకూ కలిపి పది రూపాయలు కూడా కాలేదు. అక్కడ సందులు ఇరుకు, రిక్షా మేలు. రిక్షా ఆయన తొక్కుతూనే వెనక్కి తిరిగాడు.

"వెన్న వాసన వస్తా ఉండాదే మా, కృష్ణుడికా?"

"ఆమా నాయనా, కృష్ణుడికే. నువ్వు ముందర చూసి తొక్కు."

"చూస్తానులే మా. గుంతలో పడితే వెన్నంతా నాకే!"

అత్త కోడలు సులోచన అప్పటికే బియ్యం నానబెట్టి, నీడన ఆరబెట్టి, చెమ్మ పోకముందే పిండి కొట్టించి ఉంచింది. అందులో దోరగా వేయించిన మినుముల పిండి కొంచెం, వెన్న, నువ్వులు, జీలకర్ర, ఇంగువ. ఉప్పు నీళ్ళలో కరిగించి పోయాలి. నైవేద్యం కాబట్టి నాలుక మీద వేసి చూడకూడదు. కలుపుతుండగా ఈ మురుకు మీ ఇంటికి ఎట్లా వచ్చిందని అత్తను అడిగాను.

"మా అత్తగారి అవ్వ నెల్లూరు నుంచి వచ్చేటప్పుడు జంతికల గొట్టం తెచ్చుకునిందంట. ఈడ పక్కింటి అరవ అవ్వ దాన్ని చూసి నవ్వి, 'దేవుడిచ్చిన వేళ్ళుండంగా ఇనుమెందుకు?' అనిందంట. ఆ రోషంతోనే ఆమె దగ్గరే కూర్చోని నేర్చుకునింది. ఆ గొట్టం ఇంక అటకెక్కింది," అంది అత్త.

నేలమీద తడిగుడ్డ పరిచారు. చిన్న ముద్ద పట్టుకుని, బొటనవేలితో చూపుడువేలితో పురిపెడుతూ, ప్రదక్షిణం చేసినట్టు కుడివైపుగా చుట్లు వేయాలి. కుడిచేత్తో మొదలుపెట్టాను. రెండో చుట్టుకే తెగింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ తెగింది. అత్త గడపవైపు చూస్తూ కూర్చుంది.

"వదినా, ఇంకా టైముండాది. అంగట్లో తెచ్చేద్దామా?" అంది సులోచన మెల్లగా.

మనసులో స్వామిని తలుచుకుని ముద్దను ఎడమచేతిలోకి మార్చుకున్నాను. అయిదు చుట్లు, ఒక్క పగులు లేకుండా పడ్డాయి. కానీ అన్నీ ఎడమవైపుకు.

"అప్రదక్షిణం కదే ఇది," అంది అత్త.

అయినా పారేయమనలేదు. కాసేపు ఆరనిచ్చి, తానే అట్లకాడతో ఎత్తి నూనెలో వదిలింది. ఒకవైపు వేగాక తిరగేసింది. బుడగలు అణిగాక తీసి పళ్ళెంలో పెట్టి, ముడుచుకోని వేలిని చుట్ల వెంట నెమ్మదిగా నడిపింది. రెండోసారి నడిపి, ఫక్కున నవ్వింది.

"చూడవే! తిరగేస్తే సరిగ్గా కుడివైపుకే పోతా ఉండాది."

"మరి ఎడమచెయ్యి, అత్తా?"

"ఇన్నేండ్లూ నేను పిండి పిసికేటప్పుడు గిన్నె పట్టుకునింది ఏ చెయ్యి? దాన్ని స్వామి వద్దన్నాడా? సెరి, కూర్చో. తిప్పు."

మధ్యాహ్నందాకా తిప్పాను. సాయంత్రం మందిరంలో పళ్ళెం పెట్టేముందు అత్త ఒక్కొక్కటీ చుట్లు కుడివైపుకు పోయేలా సర్దింది. హారతి అయ్యాక మందిరం పెద్దాయన ఒకటి విరిచి నోట్లో వేసుకుని, "చెయ్యి మారిందా ఏమి?" అన్నాడు.

"మారింది. మా అన్న కూతురు. ఎడంచేత్తో తిప్పింది," అని అందరికీ వినపడేలా అంది అత్త.

ఆయన రెండో ముక్క తీసుకున్నాడు. "వచ్చే ఏటికి ఇప్పుడే చెప్తా ఉండా. మీ ఇంటిదే."

ఆ రాత్రి తిరుగు రైల్లో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఎడమచేతి వేళ్ళకు వెన్న వాసన ఇంకా పోలేదు. యాభై ఏళ్ళుగా శుభకార్యాల్లో కొంగు కింద దాచుకున్న చెయ్యి అది. ఆ పూట దాచుకోలేదు. గర్వం మంచిది కాదంటారు కానీ, ఆ పూట నాకు గర్వంగానే ఉండింది. అది స్వామి పెట్టిందేనని అనుకున్నాను.

నేర్చుకునే వాళ్ళకు ఒక్క మాట: తిప్పిన మురుకు గుడ్డ మీద కాసేపు ఆరకుండా ఎత్తవద్దు, నూనెకు చేరేలోపే తెగుతుంది. ఈ కాగితాలు దాచుకోండి, బయట ఎవరికీ చూపవద్దు. చూపాలనిపిస్తే, మురుకు తిప్పి చూపండి.