మా అత్త వద్దనలేదు

మా మేనత్త పోయిన శుక్రవారం కన్నుమూసింది. ఆపరేషన్ తనే వద్దన్నదట, మొండి మనిషి అని నల్లంపల్లిలో చావుకు వచ్చినవాళ్ళంతా అనుకున్నారు. ఆమె వద్దనలేదు. ఆ ఒక్క మాట చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అత్త మాటలన్నీ ఆవులతోనే. మనుషులకు తలతోనే జవాబు. తల కుడి భుజం వైపు ఒకసారి వాలిస్తే సరే అని. గడ్డం పైకెత్తి నాలుకతో 'త్చ్' అంటే కాదని. నోరు తెరిచి చెప్పరాదా అని నేను విసుక్కుంటే, "తల ఉండేది దేనికి పాపా, కొప్పు పెట్టుకునేకేనా?" అనేది.

ఒక ఎండాకాలం, హైవే పనికి వచ్చిన ఉత్తరాది మనిషి మా వాకిట్లో నిలబడి మజ్జిగ కావాలని సైగ చేశాడు. అత్త తల వాల్చింది. లేదనుకుని అతను వెళ్ళిపోయాడు. అత్త చెంబు పట్టుకుని రోడ్డు దాకా పరిగెత్తింది. "సరి అని తల ఊపితిని గదప్పా! తాగేసి పో!" అని తెలుగులోనే తిట్టి తాగించింది. మర్నాడు అతను తనే తల పక్కకు వాల్చి, నవ్వుతూ మజ్జిగ అడిగాడు.

మొన్న పేగు మడతపడిందని అత్తను బెంగళూరులో ఒక ఆసుపత్రిలో చేర్చాము. "ఎర్రావు ఈనే లోపల ఇంటికి పోవాల" అన్నది. పొద్దున నేను మందులకు కిందికి వెళ్ళినప్పుడు, మన వైపు వాడు కాని డాక్టరొకడు వచ్చి "ఆపరేషన్?" అని ఒక్క మాట అడిగాడని పక్క మంచం ఆమె తరువాత చెప్పింది. అత్త తల వాల్చింది. రోగి ఒప్పుకోలేదని రాసేసి వెళ్ళిపోయాడు.

అంత చదివినవాడికి, ఆ తల ఊపుకు అర్థమేమిటని పక్క మంచం ఆమెను అడగడానికి నోరు రాలేదా? రోడ్డుపని మనిషికి ఒక్క చెంబు మజ్జిగతో వచ్చిన తెలివి కదా అది! తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది. ఆ మజ్జిగ రోజు అత్త అతని వెనకాలే పరిగెత్తింది. ఈసారి ఆమె చేతికి సెలైన్ గొట్టం ఉంది.

ఆపరేషన్‌కు పిలుస్తారని సాయంత్రం దాకా చూసి నేను అడిగితే డాక్టరు రాసిన ఆ కాగితం చూపించారు. పేగు కుళ్ళిపోయింది, ఇప్పుడు కోసినా లాభం లేదన్నారు. నేను మంచం దగ్గరికి వచ్చాను.

"అత్తా, నువ్వు ఒద్దంటివంట గదా?"

గడ్డం కొంచెం పైకి లేచింది. 'త్చ్'.

"సరి అంటివా?"

దిండు మీద తల మెల్లగా కుడి భుజం వైపు వాలింది.