నాలుగింటి వీణ

మా బందరు సంగీత సభలో వీణ కచేరీ అంటే సాయంత్రం నాలుగింటికి. బయట ఎండ ఇంకా మాడ్చేస్తూ ఉంటుంది. కుర్చీలు దులిపేవాళ్ళు, మైకులు బిగించేవాళ్ళు, ఏసీ చల్లదనానికి వచ్చి కునుకు తీసే ఒకరిద్దరు పెద్దవాళ్ళు, వీళ్ళే నా శ్రోతలు. ఆరున్నరకి గాత్రం మొదలయ్యేసరికి హాలు కిటకిటలాడుతుంది. "వీణ ఇంట్లో వినాల్సిందమ్మా, హాల్లో ఆనదు" అని ఏటా ఎవరో ఒకరు జాలిపడేవారు. ఆ జాలి చూస్తే నాకు ఒళ్ళు మండేది.

వెనక వరసలకి వీణ అందేది కాదన్నది నిజమే. ఒక్కసారి మీటి తీగ లాగితే మూడు నాలుగు స్వరాలు వరసగా పలుకుతాయి. చివరిది మరీ సన్నగా, వినీ వినపడనట్టు ఉంటుంది. వీణకి ప్రాణమంతా ఆ చివరిదాంట్లోనే. వాల్యూమ్ పెంచితే మైకు కుయ్యిమనేది, తగ్గిస్తే మృదంగం తప్ప ఏమీ మిగిలేది కాదు.

పోయినేడు హాలు బాగుచేయించారు. గోడల చుట్టూ, పైకప్పు నిండా కొత్తరకం స్పీకర్లు పెట్టించారు. ఎక్కడ కూర్చున్నా సంగీతం మన చుట్టూ ఉన్నట్టే వినిపిస్తుందట. ఆ మాట చెవిన పడగానే అనుకున్నాను, ఇంక నాలుగింటికి వాయించను గాక వాయించను. ప్రారంభోత్సవం రోజు ఆరున్నర నాకివ్వమని తిన్నగా వెళ్ళి అడిగాను.

సభ అధ్యక్షుడు ముదినేపల్లి వైపు చేపల చెరువులున్న ఆసామి. నన్ను చెల్లెమ్మా అంటారు. "గాత్రానికి మద్రాసు నుంచి పెద్దాయన్ని పిలిచాం చెల్లెమ్మా. అయినా వీణకి ఇన్ని స్పీకర్లెందుకు చెప్పు?" అని నవ్వారు. నా మొహం చూసి, "పోనీ రేపు టెస్టింగుకి వచ్చి వాయించు" అని దయ చూపించారు. ఆ దయ నాకక్కర్లేదు గానీ, వెళ్ళాను. వినపడుతుందో లేదో వాళ్ళ చెవులతోనే తేల్చుకుందామని వెళ్ళాను.

గుడివాడ నుంచి మృదంగం ఆయన్ని కూడా రమ్మన్నాను. హైదరాబాదు నుంచి వచ్చిన సౌండ్ ఇంజనీరు పొద్దుటి నుంచీ నాచేత మీటించి మీటించి, "తీగకి మీ గోరు తగిలిన చప్పుడు కూడా చివరి వరసకి వస్తోంది మేడమ్" అన్నాడు. సాయంత్రానికి సభవాళ్ళంతా వచ్చారు. తలుపులు తీసి ఉండడంతో దారినపోయేవాళ్ళు కూడా వచ్చి వెనక కూర్చున్నారు. అధ్యక్షులవారు మాత్రం అలవాటుగా మొదటి వరస సోఫాలో కూర్చున్నారు.

కీర్తన సగంలో ఉండగా ఆయన చెయ్యెత్తి ఆపేశారు. "చూశావా, నేను చెప్పలేదూ? మృదంగం తప్ప ఏమీ వినపడట్లేదు."

ఇంజనీరు తల పట్టుకున్నాడు. పైన కట్టిన స్పీకర్ల శబ్దం మొదటి వరస తలల మీదుగా వెనక్కి వెళ్ళిపోతుందట. ఆ వరస కోసమే స్టేజి అంచున చిన్న స్పీకర్లు పెట్టాడు. సన్మానం ఫొటోల్లో శాలువాల ముందు నల్లడబ్బాలు పడతాయని ముందురోజే అధ్యక్షులవారు వాటిని పీకించేశారు. హాలు మొత్తానికి వీణ వినపడని చోటు ఆ సోఫా ఒక్కటే.

నవ్వు రావలసింది, కోపం వచ్చింది. "అన్నయ్యగారూ, మీరు లేచి చివరి వరసలో కూర్చోండి. అంతవరకూ నేను స్టేజి దిగను" అన్నాను. ఎదురుగా మైకుందన్న సంగతే మర్చిపోయాను. నా మాట నాలుగు పక్కల నుంచీ మోగింది. అందరూ తిరిగి ఆయన వైపే చూశారు. ఇంక లేవక ఏం చేస్తారు? వెళ్ళి వెనక ఒక ముసలావిడ పక్కన కూర్చున్నారు.

మృదంగం ఆయన నెమ్మదిగా వాయించబోతుంటే వద్దన్నాను. ఎప్పుడూ ఎంత గట్టిగా వాయిస్తారో అంతే గట్టిగా వాయించమన్నాను. ఆపిన చోటే ఆ తోడి రాగం కీర్తన మళ్ళీ అందుకున్నాను. గాంధారం మీద తీగ లాగి వదిలి, ఆ చివరి నాదం పూర్తిగా ఆగేదాకా ఇంకో మీటు వెయ్యలేదు. అంత దూరంలో ఆయన తల ఊగడం నాకు కనపడింది.

అయ్యాక దిగి వెనక్కి వెళ్ళాను. ఆయన నోరు తెరిచేలోపే పక్కనున్న ముసలావిడ నా చెయ్యి పట్టుకుంది.

"మీ అమ్మగారు కూడా తోడి రాగమని చెప్పే వాయించేవారమ్మా, ఇక్కడే, నాలుగింటికి. నేను ఈ చివర్నే కూర్చునేదాన్ని. ఆవిడ చెయ్యి కదలడం చూసేదాన్ని గానీ, ఏం వాయించేవారో ఇవాళ తెలిసింది."

మా అమ్మ తన చేతిలో బలం లేదనుకుంటూనే పోయింది.

"బాగుంది చెల్లెమ్మా, కాదన్ను" అని నసిగారు అధ్యక్షులవారు. "కానీ ఆరున్నరకి గాత్రమని కార్డులు అచ్చయిపోయాయి కదా."

"మళ్ళీ అచ్చేయించండి. నాలుగింటికి మా ఇంటి నుంచి ఇంక ఎవరూ రారు" అన్నాను.