ముద్దొస్తోందన్నారు, వినలేదు

పంతొమ్మిదివందల అరవైల్లో సంగతి. బందరు దగ్గర మా పల్లెలో, ముప్పై నాలుగేళ్ల వయసులో పాస్టరమ్మగారి దగ్గర అక్షరాలు నేర్చుకున్నాను. నేను ఎవరి కళ్లలోకీ చూడలేను. చదివేటప్పుడు ముందుకీ వెనక్కీ ఊగుతాను. అందుకని ఊరంతా నన్ను చిన్నపిల్లలా ముద్దుచేసేవారే గాని, ఒక్క పనీ నమ్మి అప్పజెప్పేవారు కాదు.

మా చర్చిలో స్త్రీల కూడికలో చదువొచ్చినవాళ్లు బైబిలు వచనం చదివితే, రానివాళ్లు తిరిగి పైకి చెప్పాలి. అలాగే అందరికీ కంఠతా వచ్చేది. ఆ ఆదివారం మొదటిసారి నన్ను చదవమన్నారు. వారం రోజులు గేదెల పాకలో కూర్చుని చదువుకున్నాను.

ఒక వచనం చదివి ఆగాను. ఎవరూ తిరిగి చెప్పలేదు. రెండోది చదివాను. అందరూ నవ్వుతూ నన్నే చూస్తున్నారు. ముందు వరసలోంచి మరియమ్మ పిన్ని లేచి వచ్చి నా బుగ్గ పుణికింది.

“చంటిపిల్లలా ఎంత ముద్దొస్తోందో చూడండే.”

పుస్తకం మూసి పారిపోదామనిపించింది. నేల చూస్తూనే అడిగాను.

“నేనేం చదివానో చెప్పు పిన్నీ.”

“వినలేదే అమ్మా. నిన్ను చూస్తూ ఉండిపోయాను.”

“నన్ను చూడకు. విను.”

పిన్ని వెనక్కి వెళ్లి కూర్చుని కళ్లు మూసుకుంది. “మొదట్నుంచి చదవ్వే” అంది. ఊగుతూనే చదివాను. ముందుగా తిరిగి చెప్పింది ఆవిడే. తర్వాత అన్ని గొంతులూ కలిశాయి.

ఇష్టంకొద్దీ అన్నారని నాకు తెలుసు. ఆ ఇష్టమే నన్ను ఎదగనివ్వలేదని వాళ్లకు తెలియదు.

మర్నాడు పిన్ని మా గుమ్మంలోకి వచ్చి, మూడో వచనం మరిచిపోయానని మళ్లీ చెప్పించుకుంది. బుగ్గ మాత్రం ముట్టుకోలేదు.