జనరల్ మేనేజరు గారికి గట్టి హోటల్

1998 వేసవిలో నేను రాజమండ్రిలో, మా బ్యాంకు ప్రాంతీయ కార్యాలయంలో సెక్యూరిటీ ఆఫీసరుగా ఉన్నాను. సైన్యంలో కెప్టెన్‌గా చేసి బయటికొచ్చిన నాలాంటి వాళ్ళను బ్యాంకులు ఈ ఉద్యోగంలోకి తీసుకునేవి. స్ట్రాంగ్‌రూము తలుపులు, గార్డుల తుపాకులు, నగదు తీసుకెళ్ళే వ్యాన్లు సక్రమంగా ఉన్నాయో లేదో చూడటం నా పని. రావులపాలెం నుంచి నరసాపురం దాకా ఏ శాఖలో అలారం మోగినా నేను పరుగెత్తాలి. దొంగ దొరికిన సందర్భం లేదు. ఎక్కువసార్లు బల్లి దొరికేది.

ఆ వేసవిలో మా ప్రాంతంలోని గుమాస్తాలకు ఆఫీసర్ల ప్రమోషన్ ఇంటర్వ్యూలు పెట్టారు. వాటికి బోర్డు అధ్యక్షుడిగా బొంబాయి ప్రధాన కార్యాలయం నుంచి జనరల్ మేనేజరు కృష్ణస్వామి గారు వస్తున్నట్టు కబురొచ్చింది. ఆయన తమిళులు. విశాఖలో చాలాకాలం పనిచేసి తెలుగు బాగా నేర్చుకున్నారు. అంతకుముందు వేరే రాష్ట్రంలో ఇలాంటి ఇంటర్వ్యూలకే వెళ్ళినప్పుడు, హోటల్లో ఆయన సూట్‌కేసు ఒక చీరల వ్యాపారి సూట్‌కేసుతో మారిపోయింది. అభ్యర్థుల మార్కుల కాగితాలు వ్యాపారి వెంట వెళ్ళిపోయాయి. బోర్డు ముందు ఆయన పెట్టె తెరిస్తే వెంకటగిరి చీరలు వచ్చాయి. ఇంటర్వ్యూలు మొత్తం రద్దయ్యాయి. అందుకని ఈసారి ఆదేశం స్పష్టంగా ఉంది. హోటల్ నగరం నడిబొడ్డున ఉండాలి, భద్రంగా ఉండాలి, దాన్ని సెక్యూరిటీ ఆఫీసరే స్వయంగా చూసి ఎంపిక చేయాలి.

మా రీజనల్ మేనేజరు ప్రకాశరావు గారు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు. "కెప్టెన్ గారూ, నా ప్రమోషన్ కూడా ఆయన చేతుల్లోనే ఉందండి. ఆ సూట్‌కేసుకి ఏమన్నా అయిందంటే నన్ను అండమాన్ పంపేస్తారు. నేను వెళ్తే మిమ్మల్ని కూడా తీసుకెళ్తానండి" అన్నారు. ఆయన హాస్యానికి అనలేదు.

హోటల్ భద్రతను పరీక్షించడానికి నాకు ఒక పద్ధతి ఉండేది. నేనెవరో చెప్పకుండా వెళ్ళి, నాకు సంబంధం లేని గదిలోకి ప్రవేశించడానికి ప్రయత్నించాలి. ప్రవేశం దొరికితే హోటల్ పనికిరాదు.

మొదట రైల్వేస్టేషన్ దారిలో ఉన్న ఒక పెద్ద హోటల్‌కి వెళ్ళాను. కౌంటర్లో ఉన్నాయన "తమరు ఎవరి తాలూకా అండి?" అని అడిగాడు. నోటికొచ్చిన పేరు చెప్పాను, సుబ్బారావుగారి తాలూకా అన్నాను. గోదావరి జిల్లాల్లో ఏ హోటల్లోనైనా ఒక సుబ్బారావుగారు ఉంటారన్న సంగతి అప్పటికి నాకు తట్టలేదు. "ఆయ్, సుబ్బారావుగారు ఇప్పుడే అలా బయటికెళ్ళారండి. ఇదిగోనండి తాళం. ఫ్యానేసుకుని కూర్చోండి, కాఫీ పంపిస్తాను" అన్నాడు. గదిలో కూర్చుని కాఫీ తాగుతూండగా సుబ్బారావుగారు నిజంగానే వచ్చారు. నేనెవరో ఆయన అడగలేదు. "ఎంతసేపైందండి వచ్చి? భోంచేసి వెళ్ళాలి" అన్నారు. నేను వెళ్ళిపోతానంటే నొచ్చుకున్నారు. పులస దొరికే రోజులు కావు కాబట్టి కొర్రమేను తెప్పించారు. చేతులు కడుక్కునేటప్పుడు మాత్రం, మొహమాటపడుతూ, "మీరు మా పెద్దమ్మగారి వైపా అండి?" అని అడిగారు. ఆ హోటల్‌ని తిరస్కరించాను.

రెండోది మెయిన్‌రోడ్డు మీద ఉంది. అక్కడ కింది హాల్లో పెళ్ళి జరుగుతోంది. గేటు దగ్గరే నా మీద పన్నీరు చల్లారు. నేను మెట్లెక్కి పై అంతస్తులో గదులు చూస్తూంటే ఒక పెద్దాయన చెయ్యి పట్టుకుని, "ఇక్కడేంచేస్తున్నారండి, కింద మిమ్మల్నే వెతుకుతున్నారు" అని లాక్కుపోయారు. ఫొటోగ్రాఫరు నన్ను వధూవరుల పక్కన నిలబెట్టి ఫొటో తీశాడు. ఆ హోటల్‌ని కూడా తిరస్కరించాను.

మూడోది దేవీచౌక్ దగ్గర, బజారు మధ్యలో ఉంది. దాని యజమాని సత్తిరాజు గారు. ఒకటే గేటు, గేటుకి ఇనప కటకటాలు, వెనక ఎత్తైన గోడ. కిటికీ ఊచల మధ్య మనిషి తల పడుతుందేమో చూడాలని నేను వీధి వైపు నుంచి టేపుతో కొలుస్తూంటే, ఎవరో వెనకనుంచి నా కాలరు పట్టుకున్నారు. అతను వాచ్‌మన్ వీర్రాజు. సైన్యంలో కూడా నన్నెవరూ అంత గట్టిగా పట్టుకోలేదు. సత్తిరాజు గారు బయటికొచ్చి, "ఏంటండీ ఇది? కిటికీలు కొలుస్తున్నారు, కొనుక్కుపోతారా?" అని నిలదీశారు. బ్యాంకు సెక్యూరిటీ ఆఫీసర్ననీ, కెప్టెన్ననీ చెప్పాను. ఇద్దరూ నమ్మలేదు. వీర్రాజు నన్ను రిక్షా ఎక్కించి, పక్కన కూర్చుని, పోలీసు స్టేషన్లో అప్పగించి, రసీదు అడిగాడు.

ప్రకాశరావు గారు వచ్చి నన్ను విడిపించారు. కారెక్కాక, "ఏంటి కెప్టెన్ గారూ, మన బ్యాంకు పరువేం కావాలండి?" అన్నారు.

"సార్, హోటల్ దొరికింది" అని చెప్పాను.

సత్తిరాజు గారితో మాట్లాడి ఏర్పాట్లు పూర్తిచేశాను. జనరల్ మేనేజరుగారి కోసం నేనూ సత్తిరాజు గారూ సంతకాలు చేసిన ఒక గుర్తింపు కార్డు తయారుచేశాం. ఆ కార్డు చూపిస్తేనే గేటు తీయాలి, గది తాళం ఇవ్వాలి. వీర్రాజుని పిలిచి గట్టిగా చెప్పాను. "కార్డు లేకుండా ఎవరొచ్చినా, ఎంత పెద్దమనిషిలా కనిపించినా లోపలికి రానీయకూడదు. నేనొచ్చినా సరే."

"కలెక్టరుగారొచ్చినా పంపనండి" అన్నాడు వీర్రాజు. అతని మాట మీద నాకు పూర్తి నమ్మకం కుదిరింది.

ఇంటర్వ్యూలకు ముందురోజు సాయంత్రం కృష్ణస్వామి గారు సూటు, టై వేసుకుని రైలు దిగారు. నేను సెల్యూట్ చేసి, కార్డు ఇచ్చి, హోటల్లో దింపాను. ఆయన సూట్‌కేసు బీరువాలో పెట్టి తాళం వేసేదాకా అక్కడే ఉన్నాను. వీర్రాజు అప్పటికే డ్యూటీ దిగి ఇంటికి వెళ్ళిపోయాడు.

జనరల్ మేనేజరుగారికి పొద్దున్నే నడిచే అలవాటుందని నాకెవరూ చెప్పలేదు. తెల్లవారగానే ఆయన బనీను, ఖాకీ నిక్కరు, కాన్వాసు బూట్లు వేసుకుని, తాళం కౌంటర్లో ఇచ్చి, గోదావరి గట్టు మీదికి వెళ్ళారు. తిరిగొచ్చేసరికి కౌంటర్లో మనిషి మారాడు, గేటు దగ్గర వీర్రాజు ఉన్నాడు. సత్తిరాజు గారు వ్రతం చేయించుకోవడానికి కుటుంబంతో అన్నవరం వెళ్ళారు. గేటు దగ్గర జరిగిన సంభాషణని వీర్రాజూ జనరల్ మేనేజరుగారూ తర్వాత నాకు విడివిడిగా చెప్పారు. తేడా లేదు.

"కార్డు చూపించండి" అన్నాడు వీర్రాజు.

"కార్డు గదిలో ఉండిపోయింది."

"గదిలోకెళ్ళాలంటే కార్డుండాలండి."

"కార్డు కావాలంటే నేను గదిలోకి వెళ్ళాలి కదయ్యా!"

"మరేనండి. కార్డు తెచ్చుకుని రండి, ఎంచక్కా లోపలికి పంపుతాను."

"నేను బ్యాంకు జనరల్ మేనేజర్ని."

"మొన్నొకాయన ఇలాగే కెప్టెన్నన్నాడండి. కిటికీలు కొలిచాడు."

చివరికి కౌంటర్లో మనిషి ఆఫీసుకి ఫోన్ చేశాడు. ఇంటర్వ్యూ హాల్లో కుర్చీలు సర్దిస్తున్న నన్ను పిలిచారు. "సార్, బనీనేసుకుని ఒకాయనొచ్చి జనరల్ మేనేజర్నంటున్నాడండి. ఏం చెయ్యమంటారు?"

"కార్డుందా?" అని అడిగాను.

"లేదండి."

"అయితే రానీయకండి. జనరల్ మేనేజర్లు బనీన్లతో వీధుల్లో తిరగరు. మర్యాదగా పంపేయండి. వినకపోతే పోలీసుల్ని పిలవండి."

ఫోన్లో దూరంగా ఎవరో అరవంలో గట్టిగా ఏదో అంటున్నట్టు వినిపించింది. నేను పట్టించుకోలేదు. నాకున్న సమాచారాన్ని బట్టి ఆ జవాబు సరైనదే. ఇవాళ అడిగినా అదే చెప్తాను.

పోలీసుల మాట చెవిన పడ్డాక కృష్ణస్వామి గారు రోడ్డు దాటి ఎదురుగా ఉన్న టిఫిన్ హోటల్ ముందు బల్ల మీద కూర్చున్నారు. అక్కడ మా భీమవరం శాఖ గుమాస్తా దేవసహాయం పెసరట్టు తింటున్నాడు. భారీ మనిషి, మంచి గొంతు, ఎవరితోనైనా ఇట్టే మాట కలిపేస్తాడు. అతనూ ఇంటర్వ్యూకే వచ్చాడు.

"ఏంటండి, అలా బనీనుతో కూర్చున్నారు?" అని పలకరించాడు.

"బట్టలు ఆ హోటల్లో ఉన్నాయి. లోపలికి రానివ్వడం లేదు."

దేవసహాయం ఇంకేమీ అడగలేదు. ఎవరి కష్టాలు వాళ్ళవనుకుని, ఆయనకి కూడా పెసరట్టు ఉప్మా చెప్పాడు. మాటల్లో ఇంటర్వ్యూ ప్రస్తావన వచ్చింది. "నేనూ ఆ ఇంటర్వ్యూకే వచ్చాను" అన్నారు కృష్ణస్వామి గారు. అది అబద్ధం కాదు.

"ఈ వయసులోనా అండి!" అని దేవసహాయం జాలిపడ్డాడు. "మీకెలాగైనా రావాలండి. నాకు మాత్రం రాకూడదు. మా మామగారు రిటైరైన హెడ్మాస్టరండి, ఆయన పోరు పడలేక పరీక్ష రాశాను. ఖర్మకాలి పాసైపోయింది. ఇప్పుడు ఇంటర్వ్యూలో పోతే హాయిగా భీమవరంలోనే ఉంటానండి. మా చర్చిలో పాటల బృందం నేనే నడుపుతాను. ప్రమోషనొస్తే ఒరిస్సాలో పారేస్తారు."

"మరి ఎలా పోతారు?"

"ఏదడిగినా తెలీదంటానండి. ఆ బొంబాయి జనరల్ మేనేజరుకి మహా ముక్కోపమంట. రెండుసార్లు తెలీదంటే బయటికి పొమ్మంటాడంట. ఆయన్ని తల్చుకుంటేనే ధైర్యంగా ఉందండి నాకు."

సాయంత్రం రాజమండ్రిలోనే తన పినతండ్రి కొడుకు పెళ్ళి ఉందని దేవసహాయం ఒక సిల్కు చొక్కా వెంట తెచ్చుకున్నాడు. వంగపండు రంగు, బొత్తాలు బంగారు రంగు. బనీనుతో వెళ్తే బోర్డువాళ్ళు ఏమనుకుంటారని దాన్ని తీసి కృష్ణస్వామి గారికి తొడిగాడు. ఆయన సన్నటి మనిషి. చొక్కా మోకాళ్ళ దాకా వచ్చి, నిక్కరు కనబడకుండా పోయింది. ఇద్దరూ ఒకే రిక్షాలో ఆఫీసుకొచ్చారు.

గేటు దగ్గర నేనున్నాను. ఆ చొక్కా పైన ఉన్న ముఖాన్ని గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది. గుర్తుపట్టగానే సెల్యూట్ చేశాను.

"కెప్టెన్, నా దగ్గర కార్డు లేదు. లోపలికి రావచ్చా?" అని అడిగారు జనరల్ మేనేజరుగారు.

నేను ఆలోచించాను. "మిమ్మల్ని స్వయంగా గుర్తించాను సార్, నిబంధన ఒప్పుకుంటుంది. రావచ్చు" అన్నాను.

వెనక దేవసహాయం రిక్షా దిగబోతూ మళ్ళీ కూర్చుండిపోయాడు. ప్రకాశరావు గారు పరుగున వచ్చి, కిందినుంచి పైదాకా చూసి, "చొక్కా చాలా బావుందండి" అన్నారు.

సూట్‌కేసు తేవడానికి నేనే హోటల్‌కి వెళ్ళాను. వీర్రాజు గేటు తీయలేదు. "తమరొచ్చినా పంపొద్దని తమరే చెప్పారు కదండీ" అన్నాడు. వాదించడానికి నాకు ఆధారం లేదు. అభ్యర్థుల కాగితాలకి ఆఫీసులో ఉన్న నకళ్ళతోనే ఇంటర్వ్యూలు మొదలుపెట్టారు. జనరల్ మేనేజరుగారు బల్ల వెనక కూర్చున్నవారు భోజనాల వేళ దాకా లేవలేదు.

దేవసహాయం వంతు రాగానే కృష్ణస్వామి గారు, "ఈ అభ్యర్థి నాకు పరిచయం. నేను ప్రశ్న అడగను, మార్కులు వేయను" అని చెప్పి కలం కింద పెట్టారట. ప్రకాశరావు గారూ మరో సభ్యుడూ ప్రశ్నలు వేశారు. దేవసహాయం తెలీదనడానికి నోరు తెరిచాడు. ఎదురుగా తన చొక్కా కనిపించింది. అన్నిటికీ సరైన జవాబులు చెప్పాడు. అడగనివాటికి కూడా చెప్పాడు. "ఏం చెయ్యనండి, నా చొక్కా నాకేసే చూస్తోంది. అబద్ధం నోట్లోంచి రాలేదు" అని బయటికొచ్చి నా దగ్గర వాపోయాడు.

మధ్యాహ్నం సత్తిరాజు గారు అన్నవరం ప్రసాదంతో తిరిగొచ్చి గేటు తీయించారు. సూట్‌కేసు పెట్టిన చోటే ఉంది. సాయంత్రం రైలు దగ్గర ప్రకాశరావు గారు భయపడుతూ, "హోటల్ ఎలా ఉందండి?" అని అడిగారు. "ఇంత భద్రమైన హోటల్ నేను దేశంలో ఎక్కడా చూడలేదు" అన్నారు కృష్ణస్వామి గారు. కోపంతో అన్నారో, మెప్పుతో అన్నారో నేను చెప్పలేను. మర్నాటి నుంచి మాత్రం ప్రకాశరావు గారు అండమాన్ మాట ఎత్తడం మానేశారు.

దేవసహాయానికి ప్రమోషన్ వచ్చింది, ఒరిస్సాలోని బరంపురం వేశారు. మామగారు వీధంతా మిఠాయి పంచారట. రెండేళ్ళ తర్వాత కనబడినప్పుడు, అక్కడి తెలుగు చర్చిలో కూడా పాటల బృందం పెట్టానని చెప్పాడు. నన్ను క్షమించినట్టే కనిపించాడు.

ఆ సంఘటన నుంచి నేను నేర్చుకున్నది ఇది. ప్రయాణంలో ఉన్న అధికారికి హోటల్ ఎంపిక చేసేటప్పుడు గోడ, గేటు, తాళం చూస్తే సగం పనే అయినట్టు. గేటు దగ్గర ఉండే ప్రతి మనిషికీ అతిథి ముఖం తెలియాలి. ఆ తర్వాత నా ఉద్యోగం పూర్తయ్యేవరకు, వచ్చిన ప్రతి పెద్ద అధికారినీ ముందుగా వాచ్‌మన్ల ముందు నిలబెట్టి పరిచయం చేశాను. సూటులో ఒకసారి, బనీనులో ఒకసారి. కొందరు అభ్యంతరం చెప్పారు. నేను మినహాయింపు ఇవ్వలేదు.