తలుపు తియ్యడానికి తేలిక చేసిన ట్రిగ్గర్

1969 ఎండాకాలం. బొబ్బిలి బజారులో మా నాన్న పెట్టిన తుపాకుల మరమ్మతు కొట్టు అప్పటికి నా చేతిలోకి వచ్చి ఆరేడేళ్ళయింది. నేను మూడో తరగతి దాటలేదు. కానీ నా బల్ల మీదికి వచ్చిన ప్రతి తుపాకీ నాకు గుర్తే. ఏ ఊరిది, ఎవరిది, కర్ర మీద ఏ పక్క గీత పడి ఉంది, అన్నీ చెప్పగలను. ఎన్నో తుపాకులు బాగు చేశాను. ఒక్కటి తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. సగం మంట దాని యజమాని మీద, సగం నా మీద.

మా దగ్గరికి వచ్చేవన్నీ లైసెన్సు తుపాకులే. పొలాల మీద అడవిపందులు పడతాయని రైతులు తీసుకున్నవి. మరమ్మతు చేసే నాకూ లైసెన్సు ఉండాలి. అది పోతే కొట్టు లేదు.

ఆ ఏడాది కొండల వైపు గొడవలు. కొండల మీంచి కొత్త మనుషులు దిగి వచ్చి తలుపు కొట్టి, ఇంట్లో తుపాకీ ఉంటే పట్టుకుపోతున్నారని ఊరూరా చెప్పుకునేవారు. తుపాకులున్నవాళ్ళు తెచ్చి అప్పగించి రసీదు తీసుకోండని పోలీసు స్టేషన్ నుంచి కబురు వచ్చింది. బుద్ధున్నవాళ్ళు అప్పగించారు. తుపాకీని మీసంతో సమానంగా చూసుకునేవాళ్ళు అప్పగించలేదు.

అలాంటివాడే పెద్దినాయుడు. గజపతినగరం వైపు ఒక ఊళ్ళో ముప్పై ఎకరాల ఆసామి. ఒంటి గొట్టం తుపాకీని దుప్పట్లో చుట్టుకుని బస్సులో వచ్చాడు.

“ట్రిగ్గర్ బరువుగా ఉన్నాదిరా మేస్త్రీ. తేలిక్సెయ్.”

“పందికి బాగానే పేలతంది కదా బాబూ?”

“పందికి కాదురా. తలుపు కొట్టినోడికి.”

“తలుపు కొట్టినోడితో మాటాడితే పోలేదా బాబూ? అసలు స్టేషన్లో ఇచ్చీసి రసీదు తెచ్చుకోండి. తుపాకీ లేని ఇంటికి తుపాకీ కోసం ఎవుడొస్తాడు?”

“మా తాత నాటి నుంచి మా గోడకున్నాది. నా సేత్తో నానే పోలీసోడికిచ్చీస్తే ఊర్లో నా ముకం ఎవుడన్నా సూస్తాడేట్రా? నీకు సేతకాకపోతే సెప్పీ. మీ నాన్నయితే నాను టీ తాగొచ్చేలోగా సేసీసేవోడు.”

మా నాన్నయితే ఆ పని ముట్టుకునేవాడు కాదు. అది నాకు తెలుసు. అయినా ఆ మాట నాకు తగిలింది. ఇనుము అరగదీసే ఆకురాయి తీశాను.

ఇక్కడ పని గురించి ఒక ముక్క చెప్పాలి. ఆ రకం తుపాకీకి వెనక హామర్ అని చిన్న సుత్తిలాంటిది ఉంటుంది. దాన్ని బొటనవేలితో వెనక్కి లాగితే, దాని గాటులో సియర్ అనే మొన పడి ఆపుతుంది. ట్రిగ్గర్ నొక్కితే మొన తప్పుకుని హామర్ తూటా మీద పడుతుంది. గాటు లోతుగా ఉంటే గట్టిగా నొక్కాలి. ఆ లోతే మనిషికి కాపు. నేను ఆ గాటును రుద్ది రుద్ది గోటి అంచు మందం మిగిల్చాను.

ఇచ్చేటప్పుడు చెప్పాను. “హామర్ లాగిపెట్టి కదలకండి బాబూ. దేనికన్నా తగిల్తే పడిపోద్ది.”

“నాకు తుపాకీ పట్టడం నేర్పతన్నావేట్రా!” అని నవ్వుతూ వెళ్ళిపోయాడు. చెప్పాను కదా అని నేనూ చేతులు కడుక్కున్నాను.

నెల తిరగలేదు. ఒక మధ్యాహ్నం పెద్దినాయుడు ఇంట్లో ఒంటరిగా ఉన్నాడు. భయంతో పగలు కూడా తలుపుకు అడ్డకర్ర వేసుకునేవాడు. నిలువెత్తు పాత తలుపు, దాని వెనక చేయంత లావు కర్ర. ఆ సమయానికి పైడమ్మ అనే అమ్మాయి పరుగున వచ్చి తలుపు మీద అరచెయ్యి వేసి బాదింది. ఆమె నాయుడి పొలంలో పనిచేసే అప్పన్నకు పెళ్ళాం. కాపురానికి వచ్చి పది రోజులు. నాయుడు ఆమె గొంతు ఎప్పుడూ వినలేదు. పొలంలో నాయుడి ఎద్దు కడుపు ఉబ్బి పడిపోతే, చెప్పి రమ్మని మొగుడు తరిమాడు.

లోపలినుంచి నాయుడు, “ఎవులది?”

“నానండి బాబూ.”

“నానంటే ఎవులు?”

“మా ఇంటోడు పంపినాడండి. బేగి రండి బాబూ.”

“మీ ఇంటోడి పేరేటి?”

ఆ పేరు ఆమె ఎలా చెబుతుంది? మా వైపు పెళ్ళాం మొగుడి పేరు ఎత్తదు. ఎత్తితే మొగుడికి ఆయుష్షు తగ్గుతుందని పెద్దవాళ్ళు నూరిపోస్తారు. ఎవరైనా అడిగితే డొంకతిరుగుడుగా చెప్పాలి, అడిగినవాళ్ళు అర్థం చేసుకోవాలి. అప్పన్న అంటే సింహాచలం కొండ మీద వెలిసిన స్వామి పేరు. అందుకని ఆ పిల్ల తనకు తెలిసిన మర్యాదలో చెప్పింది.

“కొండ మీదోడండి బాబూ.”

ఆ రోజుల్లో కొండ అన్న మాటకు పెద్దినాయుడి చెవిలో ఒక్కటే అర్థం. హామర్ వెనక్కి లాగాడు. కిటికీ ఉంది, తొంగి చూడలేదు. కొండ మీదోడంటే ఎవడే అని ఇంకో మాట అడగలేదు. వచ్చింది ఆడగొంతని కూడా ఆలోచించలేదు. వాళ్ళు తలుపు విరగ్గొట్టేలోగా తానే తీసి ఎదురు నిలబడాలనుకున్నాడట. అంత మొనగాడు! కానీ ఆ అడ్డకర్ర ఒక చేత్తో లేవదు. తుపాకీని చంకలో ఇరికించుకున్నాడు, గొట్టం తలుపు వైపు. రెండు చేతులతో కర్ర లేపాడు. కర్ర చివర తుపాకీకి తగిలింది. గోటి అంచు మందం ఏం ఆగుతుంది? హామర్ పడి తుపాకీ పేలింది, తలుపు చెక్కను చీల్చుకుని సీసం గుళ్ళన్నీ ముద్దగా బయటికి పోయాయి. పైడమ్మ చెయ్యి ఇంకా తలుపు మీదే ఉంది.

మర్నాడు పొద్దున్నే నాయుడు నా కొట్టుకు వచ్చాడు. తుపాకీని అప్పటికే పోలీసులు పట్టుకుపోయారు.

“ఎస్సై నిన్ను పిలుస్తాడ్రా. పాత తుపాకీ, లోన వదులైపోనాది, దానంతటదే పేలిపోనాదని సెప్పు. నాకూ గొడవుండదు, నీ లైసెన్సూ నిలబడతాది. అయినా తప్పెవుల్దిరా? పేరడిగితే కొండా కొండా అంటాదా? పేరు సెప్పుంటే సరిపోను కదా!”

సాయంత్రానికి ఆ ఆఖరి మాట బజారంతా అంది. టీకొట్టు దగ్గర, కిళ్ళీకొట్టు దగ్గర, పెద్దమనుషులు, ఆడవాళ్ళు కూడా. పేరు చెప్పుంటే సరిపోను కదా! పుట్టినప్పటినుంచి చెప్పొద్దని నేర్పిందీ వీళ్ళే, చెప్పలేదని తప్పుపట్టిందీ వీళ్ళే. ఆ మాట విన్నప్పుడల్లా తిరగబడి అడగాలనిపించేది. కానీ లైసెన్సు గుర్తొచ్చేది.

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని నాయుణ్ణి తిట్టడం మొదలెట్టాను. మా ఆవిడ కొంతసేపు విని, “ఆకురాయి ఎవుల సేతిలో ఉన్నాది మావా?” అంది. అంతే. మళ్ళీ కూర వడ్డించింది.

పొద్దున్నే విజయనగరం బస్సెక్కి ఆసుపత్రికి వెళ్ళాను. పైడమ్మ మంచం మీద కూర్చుని ఉంది. కుడిచేతికి మోచేతిదాకా కట్టు. రెండు వేళ్ళు తీసేశారు. పక్కన అత్తగారు, గుమ్మం దగ్గర అప్పన్న.

“నువ్వెవులు బాబూ?” అంది పైడమ్మ.

“తుపాకులు బాగుసేస్తానమ్మా.”

“అయితే నువ్వు సెప్పు. దానంతటదే పేలిపోనాదంటన్నారు. తుపాకీ దానంతటదే పేలతాదేటి?”

ఇంతలో వాంగ్మూలం రాసుకోవడానికి హెడ్ కానిస్టేబుల్ వచ్చాడు. ఊరు అడిగాడు, చెప్పింది. “భర్త పేరు?” అన్నాడు.

“అప్పన్న.”

“ఒసే!” అంది అత్తగారు.

“ఏటత్తా? రెండో సెయ్యి కూడా ఇచ్చీమంటావేటి? అప్పన్న. రాసుకోండి బాబూ. అప్పన్న, అప్పన్న. సాలా, ఇంకా సెప్పాలా?”

గుమ్మం దగ్గర అప్పన్న తలొంచుకుని కళ్ళు తుడుచుకున్నాడు. నేను ఆమెతో, “తుపాకీ దానంతటది పేలదమ్మా” అన్నాను. నాకు వినపడేంత గట్టిగానే అన్నాను. ఆ తర్వాత ఇంక వెనక్కి పోవడానికి లేదు.

మర్నాడు స్టేషన్లో ఎస్సైగారు తుపాకీ బల్ల మీద పెట్టారు. నాయుడు కుర్చీలో ఉన్నాడు. నేను గొట్టం విప్పి ఖాళీగా ఉందని చూపించాను. హామర్ లాగి, ట్రిగ్గర్ ముట్టుకోకుండా, కర్ర మీద అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టాను. టక్కున పడింది.

“చూశారుగా, అదే పేలింది” అన్నాడు నాయుడు.

“దానంతటదే కాదండి” అన్నాను ఎస్సైగారితో. “ఇది నేను రుద్దిన గాటు. తేలిక చెయ్యమన్నది ఆయన, చేసింది నేను. తలుపు అవతల ఎవరో తెలియకుండా హామర్ లాగిందీ, చంకలో పెట్టుకుని అడ్డకర్ర లేపిందీ ఆయన. ఆ అమ్మాయి చేసింది తలుపు కొట్టడమొక్కటే.”

“ఒరే! నీ కొట్టు మూయించీకపోతే సూడు!”

“మూయించీండి బాబూ. ఆ ఆడగుంట సెయ్యి మాత్రం తెప్పించీండి.”

నా జీవితంలో ఒక ఆసామికి ఎదురు చెప్పడం అదే మొదలు. తుపాకీ మళ్ళీ ఆ గోడకు ఎక్కలేదు. నాయుడి మీద కేసు నడిచింది. నా లైసెన్సు ఏడాదిన్నర ఆపేశారు. అన్నాళ్ళూ పెట్రోమాక్స్ దీపాలు బాగుచేసి ఇల్లు నడిపాను. పైడమ్మ ఆ ఏడు ఉడుపులకు దిగలేదు. నారు నాటాల్సింది కుడిచేత్తోనే.

కొట్టు మళ్ళీ తెరిచాక తుపాకీ తెచ్చిన ప్రతివాణ్ణీ ముందు తలుపు గురించే అడిగేవాణ్ణి. అడ్డకర్ర ఎలా తీస్తావు, పక్కన కిటికీ ఉందా అని. కొందరు నవ్వేవారు, కొందరు విసుక్కునేవారు. నేను వదిలేవాణ్ణి కాదు. తుపాకీ ఒక పెట్టెలో, తూటాలు వేరే పెట్టెలో, తాళాలు వేసి ఉంచండి. తలుపు దగ్గరకు ఖాళీ చేతులతో వెళ్ళండి. వచ్చింది ఎవరో తేలేదాకా అడ్డకర్ర ముట్టుకోకండి, కిటికీలోంచి మాట్లాడండి. పేరు చెప్పకపోతే పనేమిటని అడగండి. భయమేస్తే పెరటి గుమ్మంలోంచి పక్కింటివాణ్ణి పిలవండి. ఇంట్లో తుపాకీ ఉందని బజారులో చాటుకోకండి. ట్రిగ్గర్ తేలిక చెయ్యమన్నవాడికి తుపాకీ తిరిగి చేతిలో పెట్టి బస్సెక్కించేవాణ్ణి.

పెద్దినాయుడు భయపడ్డాడని నాకు కోపం లేదు. ఆ రోజుల్లో అందరం భయపడ్డాం. జవాబు అర్థం కాకపోతే మనిషి ఇంకోసారి అడగాలి. అలా అడిగేపాటి వ్యవధి పాత ట్రిగ్గర్ బరువులో ఉండేది. నా ఆకురాయి కింద పొడిగా రాలిపోయింది అదే.