పెద్దది చెయ్యమన్న దీపం

ఎస్తేరమ్మ టీచర్‌గారు ఇక లేరన్న వార్త నాకు తాడేపల్లిగూడెం స్టేషన్లో, ప్యాసింజరు కోసం నిలబడి ఉండగా చేరింది. "అత్తయ్య వెళ్లిపోయిందండి. కాఫీ అడిగింది, కలిపి తెచ్చేలోపే..." అని ఆవిడ మేనకోడలు ఫోన్లో ఏడ్చింది. దుఃఖం తర్వాత వచ్చింది, ముందు వచ్చింది కోపం. మా ఏలూరికి ఆవిడ పెట్టాల్సిన చీవాట్లు ఇంకా మిగిలే ఉన్నాయి. పెట్టకుండానే పోయారు.

ఏలూరు మిషన్ బడిలో డ్రాయింగు టీచరుగా జీవితమంతా వెచ్చించిన ఈ విదుషీమణి స్వస్థలం కొల్లేటికోట. మృదుభాషణకు పేరుపడ్డ సీమలో పుట్టి, మెత్తని మాట ఒక్కటీ నేర్చుకోని మహానుభావురాలు. 'ఏవండీ'లకు, 'గారండీ'లకు మాత్రం లోటుండేది కాదు. ఆ మర్యాదతోనే మనిషిని నిలువునా కడిగేసేవారు.

ఎనిమిదో తరగతిలో నేను పరమ భక్తితో గూడబాతు బొమ్మ వేసి చూపించాను. సంచిలాంటి ముక్కున్న ఆ పక్షి చలికాలంలో మా కొల్లేటికి ఆభరణం. టీచర్‌గారు కళ్లజోడు సవరించుకున్నారు. "ఏరా, ఇది బాతా, మీ నాన్న బూటా?" క్లాసంతా గొల్లుమంది. "బాతుని చూసి వెయ్యలేదు నువ్వు. ఎవడో వేసింది చూసి వేశావు. సిగ్గులేదూ?" కాగితం ముక్కలు చేసి నా చేతిలోనే పెట్టారు. వెక్కివెక్కి ఏడ్చాను. ఆ ఆదివారమే సైకిలేసుకుని కొల్లేటికి పోయాను. నేనీనాడు నలుగురికి బొమ్మలు నేర్పి బతుకుతున్నానంటే, ఆవిడ నన్ను క్షమించకపోవడమే కారణం.

కొన్నేళ్లుగా మా ఏలూరులో చలికాలపు సాయంత్రాల్లో దీపకళోత్సవం జరుగుతోంది. కాలవ గట్ల మీద, పార్కులో, వంతెనల దగ్గర వెలుగుతో చేసిన బొమ్మలు పెడతారు. టికెట్టు లేదు కనుక ఊరంతా పిల్లాజెల్లాతో కదిలొస్తుంది. మెరిసే సొరంగాలు, ఫొటో దిగడానికి రెక్కలు, లవ్వు గుర్తులు. "రొయ్యల చెరువుల ఆసామి ఇంట్లో పెళ్లిపందిరిలా ఉందండీ, చాలా బాగుందండీ" అని టీచర్‌గారు కమిటీ అధ్యక్షులవారిని ఎదురుగానే అభినందించారు. ఆయన మొహం మాడిపోయింది. "అయితే ఈసారి మీరే ఒకటి చెయ్యండి మేడంగారూ" అన్నారు. ఎగతాళికన్న మాటను ఆవిడ నిజంగానే పట్టుకున్నారు.

అప్పటికే కడుపులో జబ్బు ముదిరిందని డాక్టర్లు చేతులెత్తేశారు. "ఒక్క బొమ్మరా. నాదంటూ ఒక్కటి ఊరంతా చూడాలి. మీ పిచ్చిగీతలు దిద్దుకుంటూనే పోవాలా నేను?" అన్నారు. ఆ గొంతులో ప్రాధేయపడటం నేను వినడం అదే మొదలు.

కలిదిండి వైపు రొయ్యల చెరువుల మీద పక్షులు వాలకుండా వలలు కడతారు. వాటిలో చిక్కుకుని చచ్చిన పక్షుల్ని ఆవిడ చూశారు. చిరిగి పారేసిన ఆ వలలనే తెప్పించి, ఇనప తీగల చట్రం మీద, నిలువెత్తు మనిషి కింద పట్టేంత గూడబాతును కట్టారు. లోపల పాతకాలపు వేడి బల్బులు పెట్టి, మంచులోంచి కనబడీ కనబడనంత సన్నని కాంతికి తగ్గించారు. "వెలిగించడం ఎవడైనా చేస్తాడు. ఆపేశాక ఆ చీకట్లో జనం కళ్లల్లో అది కాసేపు నిలబడాలి. అదిరా నా బొమ్మ" అన్నారు.

ఇక్కడ మా వైపు అలవాటొకటి చెప్పాలి. పాతతరం ఇళ్లలో దీపాన్ని ఆర్పమనరు, అశుభం. "దీపం పెద్దది చెయ్యి" అంటారు. విన్నవాళ్లు ఆర్పేస్తారు. మనుషుల్ని ఎంత మాటైనా అనగలిగిన టీచర్‌గారికి, దీపాన్ని 'ఆర్పు' అన్న ఆ ఒక్క మాట అనడానికి నోరొచ్చేది కాదు. ఇంట్లో ట్యూబులైటుకైనా అదే మర్యాద. ఇంటి దగ్గర సరిచూసుకున్నప్పుడు స్విచ్చు దగ్గర మేనకోడలుండేది, చిక్కు రాలేదు. ఉత్సవంలో మాత్రం లైట్ల కంట్రాక్టరు తన మనిషిని తప్ప ఎవర్నీ కాంతి పెంచే, తగ్గించే బోర్డు ముట్టుకోనివ్వలేదు.

మొదటి సాయంత్రం చీకటి పడుతూనే గట్టంతా కిక్కిరిసింది. "కరెంటు చాలట్లేదేమోనండీ" అని జనం సణిగారు. కాసేపటికి సద్దుమణిగారు. ఎవరో ముసలాయన, "తెల్లారగట్ల కొల్లేట్లో ఇలాగే ఉంటదండీ" అన్నాడు. ప్లాస్టిక్ కుర్చీలో శాలువా కప్పుకుని కూర్చున్న టీచర్‌గారి కళ్లు చెమ్మగిల్లాయి. బోర్డు దగ్గరున్న మనిషి వైపు చెయ్యెత్తి, "ఇంక పెద్దది చెయ్యి బాబూ" అన్నారు.

అతను దెందులూరు మనిషే, ఇద్దరు బిడ్డల తండ్రి. ఆ మాట మాత్రం వాళ్లింట్లోంచి ఎప్పుడో పోయింది. బుద్ధిగా కాంతిని ఆఖరిదాకా పెంచేశాడు. నైలాను వల ముడుచుకుంది, కారింది, భగ్గుమంది. మేం అరుస్తూ పరుగెత్తేసరికే రెక్కలు లేవు. జనం ఈలలేశారు. చప్పట్లు కొట్టారు. ఫోన్లు పైకెత్తి, "అబ్బ, ఏం ఐటమండీ!" అన్నారు.

"ఎవరు చెప్పారయ్యా నీకు?" అని అడిగారు టీచర్‌గారు.

"మీరే కదండీ పెద్దది చెయ్యమన్నారు" అన్నాడతను.

ఎవర్నీ వదలని ఆ నోరు అతన్ని వదిలేసింది. "అవునయ్యా, నేనే అన్నాను." ఇంటికి వెళ్లే ఆటోలో మాత్రం నాతో, "జన్మకో మెత్తని మాటన్నానురా. చూడు, ఏం చేసిందో" అన్నారు. ఆ తర్వాత మంచం దిగలేదు.

కమిటీవారు సంతాపసభ ఘనంగా జరిపించారు. ఫొటోకు దండ వేసి, పెద్ద తెర మీద ఆ మంటల వీడియోను సంగీతం కలిపి ప్రదర్శించారు. ఉత్సవమంతటిలో ఎక్కువమందికి నచ్చింది అదేనట. "స్వీయకళను అగ్నికి ఆహుతిచ్చిన మహాతపస్విని! ఏటా ఆమె స్మృత్యర్థం ఒక గూడబాతును దహనం చేస్తాం" అని అధ్యక్షులవారు ప్రకటించారు. మళ్లీ చప్పట్లు. ఒళ్లు మండి లేచాను. "అది పొరపాటండీ! ఆవిడ ఆర్పమన్నారండీ!"

ఆయన మైకు పక్కకు తిప్పి, ఎంతో మర్యాదగా, "తెలుసండీ మాస్టారూ. జనానికి నచ్చింది కదండీ" అన్నారు. ఆపైన, ఆవిడ శిష్యుణ్ణి గనుక చట్రం నన్నే కట్టిపెట్టమన్నారు. కట్టనన్నాను. "పర్లేదండీ, కంట్రాక్టరుకి చెప్పేస్తాం" అన్నారు.

టీచర్‌గారూ, మీ పాదాలకు నమస్కారం. ప్రభువు సన్నిధిలో మీకు విశ్రాంతి దొరికిందని పాస్టరుగారు చెప్పారు, సంతోషం. వచ్చే చలికాలం మీ పేరు చెప్పి మళ్లీ తగలబెడతారు. వాళ్లను ఆపగలిగిన నోరు ఈ ఊళ్లో ఒక్కటే ఉండేది. దాన్ని మొన్న కొల్లేటికోటలో మేమే మట్టి చేసి వచ్చాం.