పిడికెడు బియ్యం పోటీ

ఏలూరులో మా అమ్మాయి మూడో తరగతి చదివిన కాన్వెంటులో ఆ ఏడాది ఏం నేర్పారయ్యా అంటే, పిడికెడు బియ్యంతో కూడా పోటీ పడడం నేర్పారు. ఈస్టర్‌కు ముందు నలభై రోజుల తపస్సు కాలంలో మా క్రైస్తవుల ఇళ్లలో అన్నం వండే ముందు పిడికెడు బియ్యం బీదల కోసం పక్కకు తీస్తాం. ఎవరికీ చెప్పుకోం. ఈ కాన్వెంటు సిస్టర్లు, మహాతల్లులు, మాత్రం తరగతికో గోనెసంచి పెట్టి, ఎక్కువ తెచ్చినవాళ్లకు అసెంబ్లీలో చప్పట్లు కొట్టించారు. ఒక షావుకారుగారి అబ్బాయి ఏకంగా బస్తానే ఆటోలో దింపించాడు.

ఈస్టర్ ముందు, ఆ బియ్యం పుచ్చుకోవడానికి బీదవాళ్లు కావాలి కదా! వెతికి వెతికి బడి ఆయమ్మ కూతుర్ని స్టేజీ ఎక్కించి, కొత్త డిజిటల్ కెమెరాతో ఫోటోలు తీశారు. ఆ పిల్లది మా అమ్మాయి బెంచీయే. ఆ పిల్ల కూడా రోజూ పిడికెడు తెచ్చి అదే సంచిలో పోసింది.

నేను వెళ్లి హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్‌ను నిలదీశాను.

“పిల్లలకి దానగుణం అలవాటవ్వాలి కదండీ,” అన్నారావిడ.

“దానికి ఈ పసిదే దొరికిందాండీ మీకు?”

“ప్రార్థన చేసుకోండమ్మా, కోపం తగ్గుద్ది.”

ఆ సాయంత్రం మా అమ్మాయి, “అమ్మా, ఇక దానికి పెన్సిలు అరువివ్వను, ఉత్తినే ఇచ్చేస్తా. పాపం, పూర్ కదా!” అంది. నిన్నటిదాకా అదే పెన్సిలు కోసం ఇద్దరూ జుట్లు పట్టుకున్నవాళ్లే!

“ఇచ్చావంటే తన్నుద్ది,” అన్నాను. వింటేగా! మర్నాడు ఇచ్చింది. ఆ పిల్ల పెన్సిలు రెండుగా విరిచి దీని మొహాన కొట్టింది.

ఇది ఏడుస్తూ వచ్చి, “సిస్టర్‌కి చెప్పమ్మా,” అంది.

“ఎందుకు చెబుతానే? ఆ బడి మొత్తంలో నీకు బుద్ధి చెప్పింది అదొక్కతే,” అన్నాను.